ఎనిగ్మా సందేశం పంపదు: జర్మన్ సైన్యపు ఫీల్డ్ రేడియో ఆపరేటర్ పని అసలెలా సాగేది?

1940 మేలో ఫ్రాన్స్‌లో తీసిన ఫోటో ఒకటి ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది. జర్మన్ జనరల్ హైన్జ్ గుడేరియన్ తన కమాండ్ బండిలో నిలబడి ఉంటాడు. కింద, కెమెరాకి దగ్గరగా, సిగ్నల్ సైనికులు సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం పెట్టుకుని కూర్చుని ఉంటారు. చూసినవాళ్లలో చాలామంది ఆ యంత్రమే వాళ్ల రేడియో అనుకుంటారు. ఎనిగ్మాకి ఏరియల్ లేదు, హెడ్‌ఫోన్ లేదు, బయటికి ఏమీ పంపదు. 4.5 వోల్టుల బ్యాటరీతో 26 చిన్న బల్బులు వెలిగించే పెట్టె అది. చెక్కపెట్టెతో కలిపి దాదాపు 12 కిలోల బరువు. ఒక అక్షరం నొక్కితే వేరే అక్షరం మీద దీపం వెలుగుతుంది, దాని పని అంతటితో సరి.

గాలిలోకి వెళ్లే పని వేరే పెట్టెది, వేరే మనిషిది. ఈ తేడా తెలియకపోతే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సందేశాలు ఎలా దొరికిపోయాయన్న చర్చ మొత్తం గందరగోళంగానే ఉంటుంది.

మూడు పనులు, ఒకే గుడారం

జర్మన్ సైన్యంలో సిగ్నల్ దళాన్ని నాఖ్‌రిష్టెన్‌ట్రుప్పె అనేవారు. వాళ్ల భుజపట్టీల అంచు నిమ్మపండు పసుపు రంగు. అందులో రేడియో మనిషి పేరు ఫుంకర్. మామూలు డివిజన్‌కి ఒక సిగ్నల్ బెటాలియన్ ఉండేది. అందులో ఒక టెలిఫోన్ కంపెనీ, ఒక రేడియో కంపెనీ.

రేడియో కేంద్రంలో జరిగే పనిని మూడుగా విడదీసి చూడాలి. మొదటిది సైఫర్, అంటే రాసిచ్చిన సందేశాన్ని అర్థం కాని అక్షరాలుగా మార్చడం. రెండోది ప్రసారం, ఆ అక్షరాలను మోర్స్‌లో కొట్టడం, అవతలివాళ్లు కొట్టినవి విని రాసుకోవడం. మూడోది ట్రాఫిక్, అంటే ఎవరు ఎప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎవర్ని ఏ పేరుతో పిలవాలన్న క్రమశిక్షణ. సినిమాలకు మొదటిది ఇష్టం. శత్రువుకు మాత్రం మూడోది కూడా అంతే ఇష్టం, ఎందుకంటే ఒక్క అక్షరం విప్పకుండానే దాన్నుంచి బోలెడు సంగతులు తెలుస్తాయి.

ముందు తీగ, ఆ తర్వాతే గాలి

మెరుపు యుద్ధమంటే అంతా రేడియోలే అనిపిస్తుంది. నిజానికి ఒకచోట నిలదొక్కుకోగానే జర్మన్ సైన్యం మొదట చేసే పని కేబుల్ పరచడం. బేకలైట్ పెట్టెలో ఉండే ఫీల్డ్ టెలిఫోన్ 33కి 1.5 వోల్టుల బ్యాటరీ ఒకటి చాలు. అవతల గంట మోగాలంటే పక్కనున్న పిడి తిప్పాలి. ఒకే తీగ లాగి రెండో తీగ బదులు భూమిలో గునపం దించినా మాట వినపడేది. కాకపోతే అలా భూమిలోకి పోయిన కరెంటును శత్రువు తన కందకంలోంచి వినగలడని మొదటి ప్రపంచ యుద్ధంలోనే తేలిపోయింది. అందుకే ముందువరుస దగ్గర రెండు తీగల లైను వేయడమే మంచిదనేవారు.

"రేడియో నొక్కడమంటే దేశద్రోహమే" అని సిగ్నల్ దళంలో ఒక నానుడి ఉండేది. వెటకారంగా అన్నా అందులో లెక్క ఉంది. తీగను వినాలంటే శత్రువు దగ్గరికి రావాలి, రేడియోని ఎంత దూరంలో ఉన్నా వినొచ్చు. దాడిలో దళం కదులుతున్నప్పుడో, ఫిరంగి గుండ్లకు తీగ తెగినప్పుడో, చుట్టుముట్టబడినప్పుడో రేడియో తప్పదు. మిగతా సమయాల్లో చాలాసార్లు ఆర్డరు ఒక్కటే: విను, పలకకు.

వీపున మోసే సెట్టు

పదాతి దళంలో ఎక్కువగా కనిపించిన సెట్లలో ఒకటి టోర్నిస్టర్ బి1. టోర్నిస్టర్ అంటే వీపు సంచి. దీన్ని ఇద్దరు మోయాలి: ఒకరి వీపు మీద సెట్టు, ఇంకొకరి వీపు మీద బ్యాటరీలు, హెడ్‌ఫోన్లు, మోర్స్ కీ, ఏరియల్ ముక్కలు. ఇద్దరిలో ఒకడు వెనకబడితే రేడియో లేనట్టే. వినేది 3 నుంచి సుమారు 6.7 మెగాహెర్ట్జ్ మధ్య, పంపేది 3 నుంచి 5 మధ్య. పంపే శక్తి ఒక వాట్ కూడా ఉండదు, సైకిల్ లైటు బల్బు కంటే తక్కువ. అంత చిన్న శక్తితో మాటైతే పది కిలోమీటర్ల లోపు, మోర్స్ అయితే దానికి రెట్టింపు పైన పోయేది.

మోర్స్ ఎందుకు ఎక్కువ దూరం పోతుంది? మాటలో శక్తి చాలా స్వరాల మీద చెదిరిపోతుంది, వినేవాడికి అవన్నీ అందాలి. మోర్స్‌లో ఉన్నది ఒకే కూత, ఉందా లేదా అన్నదే ప్రశ్న. గరగరలో మాట మునిగిపోయాక కూడా అలవాటైన చెవికి ఆ కూత అందుతుంది.

వినడానికి విడిగా ఇచ్చిన రిసీవర్ పేరు టోర్న్.ఇ.బి, ముద్దుపేరు బెర్టా. దాదాపు 100 కిలోహెర్ట్జ్ నుంచి 7 మెగాహెర్ట్జ్ దాకా ఎనిమిది బ్యాండ్లు. లోపల సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు, అంటే వాల్వులు, నాలుగు; నాలుగూ ఒకే రకం. బురదలో, చీకట్లో, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు మార్చాల్సినవాడికి స్పేర్ ఒకే రకం మోస్తే చాలు. డిజైన్ చేసినవాళ్లు ఆ మనిషిని తలచుకుని గీసినట్టుంది.

ఇబ్బందులూ తక్కువేం కాదు. చలికి బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది, రష్యా చలికాలంలో సెట్టు బాగానే ఉన్నా కరెంటు ఉండేది కాదు. చీకటి పడ్డాక 3–6 మెగాహెర్ట్జ్ తరంగాలు పైనున్న అయనోస్పియర్‌కి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఫలితంగా పక్క ఊళ్లో ఉన్న రెజిమెంట్ కూత మీద ఎక్కడో ఉన్న ఇంకెవరి కూతో వచ్చి పడుతుంది. పైగా ఏరియల్ ఎక్కడుంటే ఫిరంగి గురి అక్కడికే కాబట్టి పెద్ద రేడియో కేంద్రాలను కమాండ్ పోస్ట్ పక్కన పెట్టకుండా కొంత దూరంలో పెట్టి, మధ్యలో టెలిఫోన్ తీగ లాగేవారు.

ఒక సందేశం వెంట నడిస్తే: 90 అక్షరాలు

1930 నాటి జర్మన్ సైనిక మాన్యువల్‌లో నేర్చుకునేవాళ్ల కోసం ఇచ్చిన సందేశం ఒకటుంది. అర్థం ఇది: "శత్రు పదాతి దళం కనిపించింది. ముందు భాగం బేర్వాల్డె దక్షిణపు దారిలో. చివరి భాగం నాయ్‌స్టాట్‌కి తూర్పున మూడు కి.మీ." దీని వెంటే నడుద్దాం.

యంత్రం మీద ఉన్నవి 26 అక్షరాలే. ఖాళీ లేదు, చుక్క లేదు, అంకెలు లేవు. కాబట్టి ముందు సందేశాన్ని తిరగరాయాలి. చుక్క స్థానంలో ఎక్స్ పెడతారు. జర్మన్‌లో అడుగడుగునా వచ్చే సి-హెచ్ జంట బదులు ఒక్క క్యూ. పైన రెండు చుక్కలుండే ఎ, యు అక్షరాలు ఎ-ఇ, యు-ఇ అవుతాయి. మూడు అన్న అంకె 'డ్రై' అని అక్షరాల్లో వస్తుంది. అంతా అయ్యాక సరిగ్గా 90 అక్షరాలు, అయిదేసి చొప్పున 18 గుంపులు.

తర్వాత యంత్రం సిద్ధం చేయాలి. యంత్రాన్ని ఎలా అమర్చాలో చెప్పేదే తాళం. నెలకో తాళాల కాగితం వస్తుంది. అందులో 31వ తేదీ పైన, 1వ తేదీ కింద ఉంటుంది. అయిపోయిన రోజును కింద నుంచి కత్తిరించి పారేయడానికే ఆ తలకిందుల ఏర్పాటు. దాని ప్రకారం లోపల తిరుగుతూ అక్షరాలు మార్చే అయిదు చక్రాల్లోంచి మూడు ఎంచి వరుసలో పెట్టాలి, ఒక్కో చక్రం చుట్టూ ఉన్న ఉంగరాన్ని చెప్పిన చోటికి తిప్పి బిగించాలి, ముందున్న ప్లగ్‌బోర్డులో పది తీగలతో పది జతల అక్షరాలు కలపాలి. పది జతలను కలిపే మార్గాలు ఒక్కటే దాదాపు 150 లక్షల కోట్లు. ఆ అంకె చూసే జర్మన్ అధికారులు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు.

ఇదంతా రోజు తాళం. సందేశానికో తాళం విడిగా ఉండాలి. 1940 మే తర్వాతి పద్ధతిలో ఆపరేటర్ తనకు తోచిన మూడక్షరాలు ఎంచుకుని చక్రాలను అక్కడ పెడతాడు. ఇంకో మూడక్షరాలు రహస్యంగా ఎంచి, అవి నొక్కి, వెలిగిన మూడింటిని రాసుకుంటాడు. మొదటి మూడూ బాహాటంగా, వెలిగిన మూడూ వాటి పక్కన, సందేశం తలభాగంలో వెళ్తాయి. ఆ పైన చక్రాలను రహస్య మూడక్షరాలకు తిప్పి 90 అక్షరాలూ నొక్కడమే. ఒకడు నొక్కుతుంటే పక్కవాడు దీపం చూసి రాస్తాడు. ఒక్కడే చేయొచ్చు గానీ తప్పులు పెరుగుతాయి.

సైఫర్ మొదట ఇంకో అయిదు అక్షరాల గుంపు తగిలిస్తారు. అందులో రెండు ఉత్తి నింపుడు, మూడు ఇది ఏ తాళం కింద వచ్చిందో చెప్పే గుర్తు. మొత్తం 95. తలభాగంలో సమయం, 95 అన్న లెక్క, రెండు మూడక్షరాల గుంపులు. కాగితం ఫుంకర్ చేతికొస్తుంది. నిమిషానికి 60 అక్షరాల వేగంతో కొడితే సందేశానికి నిమిషం 35 సెకన్లు పడుతుంది. ఒక భాగం 250 అక్షరాలు దాటకూడదు, దాటితే ముక్కలు చేసి ఒక్కో ముక్కకు కొత్త తాళం పెట్టాలి. ఒకే తాళం కింద వచన భాగం ఎంత పొడవుంటే విప్పేవాడికి పట్టు అంత దొరుకుతుంది.

తప్పు అక్షరం కన్నా జారిన అక్షరం ప్రమాదం

95 అన్న లెక్క ఎందుకు పంపాలి? ఇక్కడే ఆపరేటర్ల అసలు పనితనం ఉంది.

వినేవాడు యు అన్నదాన్ని వి అని రాసుకున్నాడనుకోండి. మోర్స్‌లో తేడా ఒక్క చుక్కే. విప్పినప్పుడు ఆ ఒక్క అక్షరం తప్పుగా వస్తుంది, మిగతావి సరిగ్గానే ఉంటాయి. ఊరి పేరులో ఒక అక్షరం పోయినా మ్యాప్ చూసి పట్టేయొచ్చు. అంకెలను అక్షరాల్లో రాయడంలో ఉన్న లాభం కూడా ఇదే: 'డ్రై'లో ఒక అక్షరం చెడినా మూడని తెలుస్తుంది, 3 చెడితే ఏమీ తెలియదు.

అదే 31వ అక్షరం అసలు వినపడక రాయలేదనుకోండి. ఎనిగ్మా చక్రం నొక్కినప్పుడల్లా ఒక మెట్టు తిరుగుతుంది. ఇప్పుడు 32వ అక్షరాన్ని 31వ మెట్టు మీద నొక్కుతున్నాడు. అక్కడి నుంచి చివరిదాకా చెత్తే. లెక్కపెడితే 94 ఉంటాయి, అయిదేసి గుంపుల్లో ఒకదానికి నాలుగే కనిపిస్తాయి. అనుభవమున్నవాడు మళ్లీ పంపమని అడగడు. ఆ చోట ఏదో ఒక మీట ఊరికే నొక్కి చక్రాన్ని ఒక మెట్టు తిప్పి ముందుకు పోతాడు. గుంపులో ఏ స్థానం జారిందో తెలియకపోతే అయిదుసార్లు ప్రయత్నిస్తే చాలు. "మళ్లీ పంపు" అంటే రెండు స్టేషన్లూ ఇంకో రెండు నిమిషాలు గాలిలో ఉండాలి, కూత ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టే శత్రువుకి ఇంకో రెండు నిమిషాలు దొరుకుతాయి.

ట్యాంకులో లెక్క వేరు

ట్యాంకులో ఇంత తతంగానికి సమయం లేదు. అక్కడ ఫు 5 అనే సెట్టు: 10 వాట్ల ట్రాన్స్‌మిటర్, విడిగా రిసీవర్, 27.2 నుంచి 33.3 మెగాహెర్ట్జ్. రెండు మీటర్ల కడ్డీ ఏరియల్‌తో మాట రెండు మూడు కిలోమీటర్లు పోయేది. పాంజర్ 4లో రేడియో మనిషి ముందు కుడివైపు కూర్చునేవాడు, ఎదురుగా ఉన్న మెషిన్‌గన్ కూడా అతనిదే. ఇంజన్ హోరులో మామూలు మైక్ పనికిరాదు కాబట్టి గొంతుకి ఆనించి కట్టుకునే మైక్ ఇచ్చారు. గొంతు అదురునే అది పట్టుకుంటుంది.

ఇక్కడ సైఫర్ లేదు. "కుడికి తిరుగు" అన్న మాట శత్రువు విని అర్థం చేసుకునేలోగా ట్యాంకు తిరిగిపోతుంది. దళాలకు, ఊళ్లకు మారుపేర్లు వాడితే చాలనుకున్నారు. అరగంట తర్వాత విలువ ఉండని సమాచారానికి అరగంట పట్టే తాళం వేయడం దండగ.

ఎనిగ్మా అందని చోట కాగితం, పెన్సిల్

ప్రతి కంపెనీ చేతిలో ఎనిగ్మా ఉండేదన్నది ఇంకో అపోహ. అది ముఖ్యంగా పై కార్యాలయాల యంత్రం. కింది దళాలు చేతి సైఫర్లు వాడేవి. చాలాకాలం నడిచింది డోపెల్‌కాస్టెన్, అంటే జంట పెట్టెలు: 25 గడుల చతురస్రాలు రెండు, వాటిలో కలగాపులగంగా అక్షరాలు, జతలు జతలుగా మార్చుకుంటూ పోవడం. మిత్రపక్షాలు దాన్ని చాలాసార్లు విప్పాయి. 1944లో దాని స్థానంలో రాస్టర్‌ష్లూసెల్ 44 వచ్చింది. 25 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసల గళ్ల కాగితం, ప్రతి అడ్డు వరుసలో పది గళ్లు మాత్రమే తెల్లవి. ఆ తెల్ల గళ్లలో సందేశం అడ్డంగా రాసి, తాళం చెప్పిన క్రమంలో నిలువుగా చదివి పంపాలి. ఒక గడి తప్పితే మొత్తం తారుమారు. విచిత్రమేమిటంటే ఈ గళ్ల కాగితం మిత్రపక్షాల విప్పేవాళ్లను గట్టిగానే నిలువరించింది.

వినేవాడికి చిక్కిన పోగులు

ఎనిగ్మాలో ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం మీద దీపం వెలగదు. చిన్న లోపంలా అనిపిస్తుంది. పైన చెప్పిన మాన్యువల్ సందేశం మీదే ప్రయోగిద్దాం. అందులో నాయ్‌స్టాట్ అనే ఊరి పేరు ఉందని ఊహించామనుకోండి. ఆ పేరు స్పెల్లింగ్ ఎన్-ఇ-యు-ఎస్-టి-ఎ-డి-టి. సైఫర్‌లో 76వ స్థానం నుంచి ఉన్నవి ఆర్-డి-ఐ-ఎస్-ఐ-కె-బి-జి. ఊరి పేరును దాని కింద పెడితే నాలుగో అక్షరం దగ్గర ఎస్ కింద ఎస్ పడుతుంది. అది అసాధ్యం కాబట్టి ఆ చోటు కొట్టేయొచ్చు. అలా జరుపుకుంటూ పోతే 83వ స్థానంలో జి-పి-ఎం-వై-వి-ఎక్స్-యు-జెడ్ కింద ఎక్కడా ఢీకొనదు. ఊరి పేరు అసలుండేది అక్కడే. బ్రిటన్‌లోని సందేశాలు విప్పే కేంద్రం బ్లెచ్లీ పార్క్ 1940 మార్చి నుంచి ఎనిగ్మా తాళం వెతకడానికి వాడిన బాంబ్ అనే యంత్రానికి మేత ఇలాంటి ఊహలే. "చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు" అని రోజూ అవే మాటల్లో రిపోర్టు పంపే కేంద్రం ఉంటే ఊహించే శ్రమ కూడా అక్కర్లేదు.

రెండో పోగు ఆపరేటర్ ఎంచే మూడక్షరాలు. ఏదో ఒకటి ఎంచమంటే మనిషి బుర్ర తేలిక దారే పడుతుంది. బాహాటంగా పంపిన గుంపు హెచ్-ఐ-టి అయితే రహస్య గుంపు ఎల్-ఇ-ఆర్ కావచ్చు. బి-ఇ-ఆర్ తర్వాత ఎల్-ఐ-ఎన్. కీబోర్డు మీద పక్కపక్కన ఉండే మూడు మీటలు ఇంకో అలవాటు.

మూడోది జాన్ హెరివెల్ అనే బ్రిటిష్ కుర్రాడికి 1940 ఫిబ్రవరిలో తట్టింది. ఉంగరం బిగించి చక్రాలు లోపల పెట్టేసరికి కిటికీలో కనిపించే అక్షరాలు ఉంగరం స్థానానికి దగ్గరగా ఉంటాయి. బద్ధకించినవాడు వాటిని కదపకుండా ఆ రోజు తొలి సందేశానికి అవే వాడేస్తాడు. చాలా స్టేషన్ల తొలి సందేశాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అక్షరాలు ఒకేచోట పోగుపడతాయి. ఆ చోటే రోజు తాళంలో ఒక భాగం.

అయితే తప్పు ఎవరిది?

దీని మీద రెండు వాదనలున్నాయి. బ్లెచ్లీలో సైన్యం, వైమానిక దళం ఎనిగ్మాలు చూసిన విభాగాన్ని నడిపించిన గోర్డన్ వెల్ష్‌మన్ ఆ యంత్రాన్ని సరిగ్గా వాడి ఉంటే తాము విప్పగలిగేవాళ్లం కాదనే అభిప్రాయపడ్డాడు. దానికి బలమైన సాక్ష్యం ఉంది. జర్మన్ వైమానిక దళం సందేశాలు 1940 నుంచే ధారగా దొరికాయి, సైన్యం తాళాలు అంతకన్నా మొండికేశాయి. యంత్రం ఒకటే అయినప్పుడు తేడా అలవాట్లలోనే ఉండాలి.

రెండో వాదన ప్రకారం నింద ఫుంకర్ మీద వేయడం అన్యాయం. పోలండ్‌కి చెందిన మరియన్ రెయెవ్‌స్కీ 1932 డిసెంబర్‌లోనే లోపలి వైరింగు లెక్కగట్టాడు. అతనికి తోడ్పడినది సందేశం తాళాన్ని వరుసగా రెండుసార్లు నొక్కి పంపాలన్న నిబంధన. వినికిడిలో తప్పు వస్తే సరిచూసుకోవడానికి పెట్టిన జాగ్రత్త అది, ఆపరేటర్ బద్ధకం కాదు. దాన్ని చాలావరకు ఎత్తేసింది 1940 మే 1న. నొక్కిన అక్షరమే వెలగకపోవడం డిజైన్ లోపం. రోజూ ఒకే మూసలో రిపోర్టు రాయడం ఆఫీసర్ల అలవాటు.

నా లెక్కలో రెండో వాదనకే మొగ్గెక్కువ. సైన్యం, వైమానిక దళాల మధ్య తేడాలో కొంత భాగం తీగలదే. టెలిఫోన్‌లో తేలిపోయే మాట గాలిలోకి రాదు, రానిదాన్ని ఎవరూ విప్పలేరు. అలాగని హెచ్-ఐ-టి తర్వాత ఎల్-ఇ-ఆర్ నొక్కినవాణ్ణి వెనకేసుకురావడమూ కష్టమే.

ఇది జర్మన్ల రోగం మాత్రమే అనుకుంటే ఉత్తర ఆఫ్రికా వైపు చూడాలి. అక్కడ కెప్టెన్ ఆల్ఫ్రెడ్ జేబోమ్ నడిపిన జర్మన్ వినికిడి కంపెనీ బ్రిటిష్ దళాల సోదిమాటలు, మారని పిలుపు పేర్లు వింటూ జర్మన్ సేనాధిపతి రోమెల్‌కి ఎదుటి దళాల కదలికలు చెప్పేది. 1942 జూలై 10న ఎల్ అలమీన్ దగ్గర టెల్ ఎల్ ఈసా మీద ఆస్ట్రేలియన్లు దాడి చేసి ఆ కంపెనీని కాగితాలతో సహా పట్టుకున్నారు. తాము ఎంత బాహాటంగా మాట్లాడుకున్నారో బ్రిటిష్ వాళ్లకు ఆ కాగితాల్లో కనిపించింది. పిలుపు పేర్లు, రేడియోలో మాట్లాడే పద్ధతి మార్చేశారు. ఆ తర్వాత రోమెల్‌కి అంత చక్కగా వినే చెవి మళ్లీ దొరకలేదు.